పానాక్క కాలికి రింగులు

"ఈ నట్టు ఎవరు బిగించారు?"

"ఏ నట్టు?"

"ఏ నట్టని నన్నే అడుగుతున్నావా? ఈ మడతబందు దగ్గరిది. ముందుదీ, వెనకదీ. రెండూ రాయిలా ఉన్నాయి. నేనిలా వదల్లేదు."

"వదులుగా ఉన్నాయి, బిగించాను. అదీ తప్పేనా?"

"తప్పేనా ఏంటమ్మా తల్లీ! వదులుగా ఉండాలనే వదిలాను నేను!"

"నట్టన్నాక వదులుగా ఉండటమేంటి డాక్టరమ్మా? అడుగేస్తే టిక్కు, అడుగేస్తే టిక్కు. రేపు ఊడి రోడ్డు మీద పడితే ఎవరు ఏరుకుంటారు, మీరొస్తారా?"

తెర అవతల జరుగుతున్న ఈ పోట్లాట ఆసుపత్రి వరండా అంతటికీ వినిపిస్తోంది. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు తమ నొప్పులు కాసేపు పక్కన పెట్టి చెవులు రిక్కించారు. చేతికి కట్టుతో ఉన్న ఒకాయన పక్కనున్న కుర్రాణ్ణి మోచేత్తో పొడిచాడు.

"ఎవరండీ ఆవిడ? డాక్టరునే దబాయిస్తోంది?"

"మా మేనత్త" అన్నాడు ఆ కుర్రాడు. అత్త చంకకర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు ఇంకేం చెప్పగలడు? ఎవరో నాకూ తెలీదంటే నమ్మరు.

లోపల డాక్టరమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గింది. ఆవిడ అరిచినంతసేపూ ఫరవాలేదు, గొంతు తగ్గిందంటేనే కొంప మునిగినట్టు. ఆ సంగతి ఈ కొద్ది నెలల్లో మేనల్లుడికి బాగా తెలిసింది.

"దేంతో బిగించావు?"

"పది నంబరు పానాతో. మా కొట్లో బ్రేకు నట్లకు వాడేదే. అచ్చంగా సరిపోయింది."

"ఎప్పుడు?"

"పోయినసారి మీ దగ్గర్నుంచి ఇంటికెళ్ళాం చూడండి, ఆ రోజే."

"అంటే రెండు వారాలు. సిస్టర్, ఎక్స్‌రే తీయించండి. ఇప్పుడే."

వరండాలో మేనల్లుడు కర్రలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎందుకంటే అత్త ఈ కాలు మీద ఎంత ఆశ పెట్టుకుందో అతనికి తెలుసు.

ఆ వీధిలో ఆవిడను అందరూ పానాక్క అంటారు. అసలు పేరు ఓటరు కార్డులో ఉంటుంది, అక్కడే ఉంటుంది. సైకిలు కొట్టు వాళ్ళ నాన్నది. ఎనిమిదేళ్ళ పిల్లగా ఆ కొట్టు ముందే ఆడుకుంటుంటే, ఇనప సామాను ఎక్కించిన తోపుడుబండి ఒకటి వెనక్కి జారి కుడికాలి మీదుగా వెళ్ళింది. మోకాలి కింద ఎముక విరిగింది. కట్టు కట్టారు, అతుక్కుంది, పిల్ల మళ్ళీ పరిగెత్తింది. అయిపోయిందనుకున్నారు అందరూ. అయిపోలేదు. మోకాలి కింద ఎముక పెరిగే చోటు ఒకటుంటుంది. దానికి లోపలివైపు దెబ్బ తగిలింది. బయటివైపు మామూలుగా పెరుగుతూ పోయింది, లోపలివైపు మొండికేసింది. ఏటేటా కాలు విల్లులా వంగుతూ వచ్చింది. పాదం లోపలికి తిరిగింది. పదహారేళ్ళు వచ్చేసరికి ఆ కాలు రెండోదానికంటే మూడు వేళ్ళ పొట్టి.

బడిలో పిల్లలు ఏమని పిలిచేవాళ్ళో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పిలిచినవాళ్ళలో ఒకడి పన్ను ఊడిందని మాత్రం వాళ్ళమ్మ, అంటే మేనల్లుడి నానమ్మ, చెప్పేది.

వాళ్ళ నాన్న కూతుర్ని బడి అవ్వగానే కొట్లో స్టూలు మీద కూర్చోబెట్టి చక్రాల బెండు తీయడం నేర్పాడు. నిలబడే పని కాదు, కూర్చుని చేసేది. చక్రాన్ని స్టాండుకు బిగించి తిప్పాలి. రిమ్ము ఎటు ఊగుతోందో కళ్ళు చిట్లించి చూడాలి. ఇటు పుల్ల కాస్త బిగించి, అటు పుల్ల కాస్త వదలాలి. ఓపిక లేనివాడికి చక్రం ఎనిమిదంకెలా తయారవుతుంది. ఈవిడకు మనుషుల దగ్గర ఓపిక లేదు గానీ చక్రాల దగ్గర బోలెడంత. నాన్న పోయాక కొట్టు ఆవిడదే అయింది. పెళ్ళి ఊసెత్తినవాళ్ళకు గాలి పంపు చూపించి, "తమరి బుర్రకు కొడదామా?" అనేది. జాలి పడేవాళ్ళంటే మరీ ఒళ్ళు మంట.

అన్ని వందల సైకిళ్ళు బాగుచేసిన మనిషి ఒక్కసారి కూడా సైకిలు తొక్కలేదు. తొక్కలేక తొక్కలేదు. కుడిపాదం పెడలు అడుగుదాకా అందదు. అందుకోబోతే మోకాలు పక్కకు తన్ని రాడ్డుకు రాసుకుంటుంది. పదిహేనేళ్ళప్పుడు ఒకసారి వెనక సందులో ప్రయత్నించి పడింది, అంతే. బాగుచేసిన ప్రతి సైకిలుకూ ట్రయలు కొట్టేది ఇంకొకరు. మొదట నాన్న, తర్వాత తమ్ముడు. ఇప్పుడు ఆ తమ్ముడి కొడుకు, అంటే ఈ మేనల్లుడు. సైకిలు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసేది. తిరిగొచ్చాక అడిగే మాట ఒకటే.

"ఎలా ఉంది?"

"బాగుంది అత్తా."

"బాగుందంటే? నున్నగా పోతోందా, ఊగుతోందా, చేతికేం తెలుస్తోంది?"

"బాగుంది అత్తా."

"నీ మొహం. ఎద్దునెక్కించి పంపినా ఇంతకంటే ఎక్కువ చెప్పేది."

ఈ మేనల్లుడు కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసి వచ్చిన బాపతు. ఎందుకు మానేశావంటే, అక్కడ కూర్చోలేక అంటాడు. అంతకంటే పెద్ద కారణం వెతికి లాభం లేదు. కాలు ఒకచోట నిలవదు. వీధిలో అతనికి గాలోడని పేరు. కొట్లో ఉండటానికి ఒప్పుకున్నది ట్రయళ్ళ కోసమే. రెండు వీధులు తిరిగి రమ్మంటే కాలవ గట్టు మీదుగా రైలు గేటు దాకా పోయి వచ్చేవాడు.

డాక్టరమ్మ కూడా కొట్టుకే వచ్చింది, తన సైకిలు ముందుచక్రం గుంతలో పడి సొట్టపోతే. పొట్టి మనిషి, జుట్టు నెరిసింది, చెయ్యి మాత్రం కమ్మరి చెయ్యిలా ఉంటుంది. చక్రం స్టాండు మీద తిరుగుతుంటే ఆవిడ చక్రాన్ని చూడటం మానేసి పానాక్క కాలు చూస్తూ నిలబడింది. పానాక్కకు చిర్రెత్తింది.

"చక్రం ఇటుంది."

"చూశాను. నేను చేసేదీ ఇదే పని" అంది డాక్టరమ్మ. "వంకర ఎముకలు సాపు చేస్తుంటాను. రింగులు, తీగలు, నట్లు, అన్నీ ఉంటాయి నా దగ్గర. ఆ కాలు ఒకసారి చూపిస్తావా?"

"నాకు చక్రానికి గంట పడుతుంది. మీకు కాలికి ఎంత పడుతుంది?"

"ఏడాది అనుకో."

"అంత నిదానమైతే గిరాకీ ఎలా వస్తుంది మీకు?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకే పానాక్క పడిపోయింది. చెడ్డకాలి బరువంతా మోసి మోసి ఆ మధ్య మంచికాలి తుంటి కూడా నొప్పి పెడుతోంది, అదీ ఒక కారణమే. కానీ ఆసుపత్రి గదిలో ఫోటోలన్నీ చూపించి డాక్టరమ్మ చెప్పిందంతా విన్నాక ఆవిడ నొప్పి గురించి అడగలేదు. ఒకటే అడిగింది.

"సైకిలు తొక్కుతానా?"

"మోకాలి కీలు బాగానే ఉంది. కాలు నిటారైతే ఎందుకు తొక్కవు? కాకపోతే చెప్పినట్టు వినాలి."

చెప్పినట్టు వినడం అన్న మాట దగ్గర మేనల్లుడికి అప్పుడే అనుమానం వచ్చింది.

ఇంట్లో నానమ్మ ఒంటికాలి మీద లేచింది. "నలభై దాటాక ఇదేం సరదాయే? ఉన్న కాలు కూడా ఊడగొట్టుకుంటావా?"

"ఉన్న కాలా? ఇది ఉన్నట్టు నీకెప్పుడనిపించిందమ్మా?" అంది కూతురు.

ఆపరేషన్ అయ్యాక చూస్తే మోకాలి నుంచి చీలమండ దాకా నాలుగు రింగులు. ఒక్కో రింగులో ఎముక గుండా ఇటునుంచి అటు దూసుకుపోయిన సన్నటి తీగలు, చక్రం పుల్లల్లాగే లాగి బిగించినవి. రింగుకూ రింగుకూ మధ్య మరలున్న కడ్డీలు. వంకర మొదలైన చోట ఎముకను చిన్న గాటులోంచి కోసి ఉంచారు. ఆ కోతకు బయటివైపు తలుపు బందుల్లా కదిలే రెండు మడతబందులు, లోపలివైపు ఒక కడ్డీ. కడ్డీ మీద నట్టును రోజుకు నాలుగుసార్లు పావు చుట్టు చొప్పున తిప్పితే కోసిన చోట ఎముక తలుపులా కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. తెరుచుకున్న ఖాళీలో ఒళ్ళే కొత్త ఎముకను పోసుకుంటుంది. పై రింగూ కింది రింగూ మొదట ఒకదానికొకటి ఏటవాలుగా ఉంటాయి. అవి రెండూ సమంగా వచ్చిన రోజున వంకర పోయినట్టు. ఆ తర్వాత పొడుగు సంగతి చూసుకుంటారు.

పానాక్కకు ఈ సరంజామా తెగ నచ్చింది. వీధి పిల్లలు గుంపుగా వచ్చి చూస్తుంటే "రండి, రండి, ముట్టుకుంటే టిక్కెట్టు" అనేది. తీగలు చర్మంలోకి దిగే చోట రోజూ ఉప్పునీళ్ళతో తుడుచుకోవడం, పాదం జారకుండా పట్టీతో లాగి ఉంచడం, కర్రలతో రోజూ నడవడం, అన్నీ తూచా తప్పకుండా చేసింది. నట్టు కూడా తనే తిప్పుకునేది. అంతా బాగానే ఉంది, ఒక్క ఆ టిక్కు శబ్దం తప్ప.

ఇరవై ఏడేళ్ళుగా వదులు నట్టు కనిపిస్తే బిగించిన చెయ్యి అది. ఎవరి సైకిలైనా సరే, పలకరించడానికి వచ్చినవాడి సైకిలైనా సరే, మాట్లాడుతూనే బిగించేస్తుంది. అలాంటిది సొంత కాలికున్న నట్టు అడుగడుగునా టిక్కుటిక్కుమంటే ఊరుకుంటుందా? కొట్లో పానా తీసింది, రెండు బందులూ బిగించింది, శబ్దం ఆగింది, "ఇప్పుడు బండి బండిలా ఉంది" అంది. ఆ తర్వాత నుంచి లోపలివైపు నట్టు తిప్పడం కష్టమవుతూ వచ్చింది. కాలు సలిపేది. వంకర పోవాలంటే ఆమాత్రం నొప్పి ఉండదా అని పళ్ళు బిగబట్టి రోజూ తిప్పుకుంటూనే ఉంది.

ఎక్స్‌రే వచ్చింది. మేనల్లుణ్ణి కూడా తెర లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ఫోటోను వెలుతురు పెట్టె మీద పెట్టి, పెన్నుతో కడ్డీని చూపించింది.

"ఇంటి తలుపు బందుకు మేకు కొట్టి, తలుపు రావట్లేదని లాగితే ఏమవుతుంది?"

"తలుపు విరుగుతుంది" అంది పానాక్క, మొదటిసారి చిన్న గొంతుతో.

"నీ అదృష్టం, ఇక్కడ కడ్డీయే వంగింది. చూశావా? నువ్వు తిప్పిన తిప్పుడంతా కడ్డీని వంచడానికే పోయింది. ఎముక అంగుళం కూడా కదల్లేదు. కాదు, అంగుళం అక్కర్లేదు, గింజంత కూడా కదల్లేదు."

"ఇప్పుడు వదులు చేస్తే సరిపోదా?"

"నేను వదులు చేస్తాను. కొత్త కడ్డీ వేస్తాను. కానీ లోపల కొత్త ఎముక మన తీరిక చూసి ఆగదు. రెండు వారాలు కదలకుండా ఉంచావు. అది ఆ వంకరలోనే గట్టిపడుతూ ఉంటుంది. ఇంకా మెత్తగా ఉంటే తెరుచుకుంటుంది. లేదంటే మళ్ళీ బల్ల ఎక్కించి మళ్ళీ కొయ్యాలి."

"మళ్ళీ నేనెక్కను" అంది పానాక్క.

"ఎక్కకపోతే వంకర వంకరలాగే ఉంటుంది."

"ఉండనీండి. రెండోసారి కోయించుకోను. ఒకసారికే మా అమ్మ సగమైంది."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు.

"వారం" అంది డాక్టరమ్మ. "వారం చూద్దాం. ఒక షరతు. పానా నీ చేతికివ్వను. అబ్బాయ్, ఇలా రా. ఇకనుంచి నువ్వు తిప్పు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు. పావు చుట్టు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మీ అత్త ఏం చెప్పినా వినకు."

"ఆ చివరిది నాకు బాగా వచ్చండి" అన్నాడు మేనల్లుడు.

అతనికి అప్పుడు నవ్వులాటగానే ఉంది. మర్నాటికి తెలిసొచ్చింది. ఏ పూటా దూరం పోవడానికి లేదు. రైలు గేటు లేదు, కాలవ గట్టు లేదు. సినిమాకెళ్ళి సగంలో లేచి వచ్చాడొకసారి, పక్కసీటువాడు "అప్పుడేనా?" అంటే "మా అత్తకు నట్టు తిప్పాలి" అన్నాడు. వాడు ఇప్పటికీ ఏమనుకుంటున్నాడో. కాలేజీలో గంట కూర్చోలేనివాడు ఆ వారమంతా కట్టేసినట్టు పడి ఉన్నాడు. నట్టు మీద ఎర్ర రంగు చుక్క పెట్టుకున్నాడు, పావు ఎక్కడికొచ్చిందో కనబడేలా.

నట్టు మొండిగా ఉంది. తిప్పేటప్పుడు అత్త దవడ బిగుసుకోవడం కనిపించేది. అయినా ఆవిడకు పావు చాల్లేదు.

"అర చుట్టు తిప్పరా. ఈ లెక్కన ఎప్పటికి?"

"పావే."

"నా కాలు నాయిష్టం."

"డాక్టరమ్మ పావంది."

"డాక్టరమ్మకు నేను చెప్పుకుంటాలే."

"నువ్వు చెప్పుకున్నది విన్నాంగా, వరండా అంతా విన్నాం."

"ఒరేయ్ గాలోడా, ఈ కర్ర దేనికో తెలుసా?"

"నడవడానికి. కొట్టాలంటే ముందు లేవాలి, లేచేలోపు నేను వీధి చివరుంటా."

అన్నాడే గానీ కదల్లేదు. పావు తిప్పి, ఎర్రచుక్క చూసి, పానా జేబులో వేసుకున్నాడు. జేబులోనే ఎందుకంటే, బల్ల మీద పెడితే ఆ చెయ్యి ఊరుకోదని తెలుసు.

ఒకరోజు గడిచింది, మరొకటి గడిచింది. బందులు మళ్ళీ టిక్కుమంటున్నాయి గానీ రింగులు ఉన్నచోటే ఉన్నాయి. పానాక్క మాట్లాడటం తగ్గించింది. పని మాత్రం ఆపలేదు. కాలు చెక్కపెట్టె మీద చాపుకుని చక్రాల బెండు తీస్తూనే ఉంది. వీధిలోవాళ్ళు వచ్చి, "ఈ వయసులో నీకెందుకక్కా ఇదంతా" అని పోయేవాళ్ళు. నోరు తెరిచి ఒక్కణ్ణీ తిట్టలేదు. మేనల్లుడికి భయమేసింది అక్కడే. ఆవిడ తిట్టడం లేదంటే ఓడిపోయాననుకుంటోందన్నమాట.

వారంలో ఇంక ఒక్కరోజే మిగిలింది. మధ్యాహ్నం పావు తిప్పాడు. ఎప్పట్లాగే బరువుగా తిరిగింది. పానాక్క కర్రలు తీసుకుని అవతలి గోడకున్న పుల్లల డబ్బా కోసం లేచింది. రెండడుగులు వేసింది. మూడో అడుగు నేలకు ఆనిందో లేదో, ఎండిన కొమ్మ విరిగినట్టు కాలిలోంచి టప్పుమని చప్పుడు.

ఆవిడ వేసిన కేకకు ఎదురు కొట్లో తూనిక వేస్తున్నవాడు పళ్ళెం వదిలేశాడు. మేనల్లుడు పట్టుకునేలోపే ఆవిడ కింద కూర్చుండిపోయింది. స్టాండు మీది చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"విరిగిందిరా" అంది. "పోయింది. అంతా పోయింది."

ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆటోలో అతను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఏం మాట్లాడినా ఏడుపొచ్చేలా ఉంది, ఆవిడ ముందు ఏడిస్తే జన్మంతా చెప్పుకుని నవ్వుతుంది.

డాక్టరమ్మ వచ్చింది. అడిగింది మొదట అతన్నే.

"ఎక్కువ తిప్పావా?"

"లేదండి. పావంటే పావే. ఎర్రచుక్క చూడండి కావాలంటే."

ఫోటో వెలుతురు పెట్టె మీదికెక్కింది. డాక్టరమ్మ దగ్గరికి వంగి చూసింది. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూసింది. ఆ తర్వాత ఆ పొట్టి మనిషి తన వయసూ హోదా మరిచిపోయి బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

"తెరుచుకుంది!"

"ఏమిటి?" అంది పానాక్క.

"తలుపే! కొత్త ఎముక సగం గట్టిపడి అంటుకుని కూర్చుంది. రోజూ కాస్త కాస్త లాగి లాగి, నువ్వు బరువేసేసరికి ఒక్కసారి విడిపోయింది. చూడు, చీలిక ఎంత చక్కగా ఉందో! అర చుట్టు చొప్పున తిప్పి ఉంటే తీగలే తెగేవి. ఇంకో వారం ఆలస్యమైతే నా ఉలి తప్ప గతి లేదు."

పానాక్క ఫోటో వంక చూసింది. నల్లటి చీలిక, మధ్యలో పొగలా కొత్త ఎముక. ఆవిడకు అది చదవడం రాదు. కానీ పై రింగు, కింది రింగు కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఏటవాలు కొద్దిగా తగ్గింది. అది చూడటం ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు నిండి ఉన్నాయి, అలాగే నవ్వడం మొదలుపెట్టింది. తెర అవతల వరండాలో ఎవరో "ఈవిడే కదండీ ఆ రోజు..." అంటున్నారు.

"సరే, ఒప్పుకుంటున్నాను" అంది డాక్టరమ్మతో. "కొన్ని నట్లు వదులుగా ఉండాలి."

"ఆ మాట రాసి సంతకం పెట్టు, గోడకు తగిలించుకుంటాను."

ఆ తర్వాత నట్టు వెన్నలో తిరిగినట్టు తిరిగింది. వారాలు గడిచేకొద్దీ రింగులు దారికొచ్చాయి. ఒక సాయంత్రం పావు తిప్పాక మేనల్లుడు లేవబోతుంటే, అత్త అతని భుజం పట్టి ఆపి, కన్ను చిట్లించి, చక్రం రిమ్మును చూసినట్టు రెండు రింగుల్నీ వరసలో పెట్టి చూసింది. సమంగా ఉన్నాయి. "అమ్మా!" అని లోపలికి కేకేసింది. నానమ్మ పరుగున వచ్చి, కూతురి కాలు పైనుంచి కిందిదాకా తడిమి, "ఇది నా పిల్ల కాలేనా?" అంటూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. వద్దన్న మనిషి ఆవిడే. ఆ సంగతి గుర్తు చేయడానికి ఎవరికీ మనసు రాలేదు.

వంకర పోయాక డాక్టరమ్మ కడ్డీలు మార్చింది. పొడుగు పెంచడానికి కొన్నాళ్ళు, లోపలికి తిరిగిన పాదాన్ని తిప్పి నిలపడానికి కొన్నాళ్ళు, పోసుకున్న ఎముక గట్టిపడటానికి అంతకు రెట్టింపు. ఆ చివరి భాగంలో తిప్పడానికి ఏమీ లేదు, కాచుకుని కూర్చోవడమే. పానాక్క ఆ రింగులతోనే కొట్టు నడిపింది, ఆ రింగులతోనే ముగ్గురు గిరాకీలతో తగువు పడింది. చివరికి ఒకరోజు రింగులన్నీ విప్పేశారు. కాలు సన్నగా, పొట్టు ఊడినట్టు, మచ్చలతో ఉంది. కానీ నిటారుగా ఉంది. బద్ద ఆనించి గీసిన గీతలా ఉంది.

చెప్పులు కుట్టే ఆయన దగ్గరికెళ్ళి, ఇన్నేళ్ళూ కుడి చెప్పుకు వేయించుకున్న ఎత్తు మడమ కోయించేసింది. "ఇక నా గిరాకీ ఒకటి పోయినట్టే" అన్నాడాయన. "ఒక మడమేగా, జోళ్ళు అరగ్గొట్టి రెట్టింపు ఇస్తాలే" అంది. అక్కణ్ణుంచి కొట్లోకి గర్వంగా అడుగుపెట్టి, పైన వేలాడుతున్న టైరుకు నుదురు కొట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ టైర్లు ఆవిడకు తగలడం అదే మొదలు. నుదురు రుద్దుకుంటూ అలాగే దాని కింద నిలబడి, ఇంకోసారి కావాలని కొట్టుకుంది.

డాక్టరమ్మ సరేనన్న మర్నాడే సైకిలు దించారు. విడిభాగాలతో తనే కట్టుకున్నది, రంగు కూడా వేయనిది. మేనల్లుడు సీటు అట్టడుగుకు దించాడు, పడితే కాలు ఆనేలా. వెనక సందులో కాదు, వీధిలోనే, అందరూ చూసేచోటే నేర్చుకుంటానంది.

"పడతావు అత్తా."

"పడతాను. పడకుండా నేర్చుకున్నవాడు ఒకణ్ణి చూపించు."

పడింది. ఇసక కుప్ప మీద ఒకసారి, చంకలో బుట్టతో వస్తున్న ఒకావిడ మీద ఒకసారి. మేనల్లుడు సీటు వెనక పట్టుకుని పరిగెత్తి పరిగెత్తి అలసిపోయాడు. ట్రయళ్ళు పోయాయి, ఇప్పుడీ పరుగులొకటి అని సణుక్కున్నాడు. కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున సీటు చేతిలోంచి దానంతటదే జారిపోయింది. చూస్తే అత్త ముందుకు పోతోంది. సైకిలు పాములా మెలికలు తిరిగి, తర్వాత సరైంది. కుడిమోకాలు పైకి లేచి కిందికి దిగుతోంది, లేచి దిగుతోంది. రాడ్డుకు ఎక్కడా తగలడం లేదు.

ఎదురు కొట్టువాడు తూనిక ఆపాడు. ఎవరో ఈల వేశారు. పానాక్క వెనక్కి చూడలేదు. చూస్తే పడుతుంది, ఆ సంగతి ఆవిడకు తెలుసు. వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

మేనల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతసేపో చెప్పలేడు. ఎక్కడ పడిందో, వెళ్ళి చూద్దామా అనుకుంటూ చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ వేసుకున్నాడు. నానమ్మ బయటికొచ్చి, "వెళ్ళరా, వెళ్ళి చూడు" అని ఒకటే పోరు.

వెళ్ళక్కర్లేకపోయింది. వీధి అవతలి చివర నుంచి గంట కొట్టుకుంటూ వచ్చింది. జుట్టంతా రేగిపోయింది, మొహమంతా చెమట, మోచెయ్యి ఒకటి గీసుకుపోయింది. కొట్టు ముందు బ్రేకు వేసి, రెండు కాళ్ళూ నేల మీద సమంగా ఆనించి నిలబడింది. ఏదో అనబోయి ఊపిరందక ఆగింది. మేనల్లుడు తిట్లకు సిద్ధపడ్డాడు.

"ఒరేయ్" అంది అత్త. పది నంబరు పానా కాదు, సీటు నట్టుకు సరిపోయే పెద్ద పానా తీసి తనే అతని చేతిలో పెట్టింది. "కాస్త సీటు పైకి లేపి పెట్టరా. కాలు చాపడానికి చోటు చాలడం లేదు."